సైకిల్ తాళవిమోచనము అను గుండెలెక్కల యుద్ధము

అవధరింపుడు! వంగదేశ పశ్చిమసీమయందు, ధూమమును ఎన్నడో విడిచిపెట్టి విద్యుత్తును గ్రోలి పరుగులిడుచున్నను ధూమశకటములను బిరుదును మాత్రము వదలని రైళ్ల చక్రఘోషచే పగలనక రేయనక మారుమ్రోగునదియు, తెలుగువారును వంగవారును హిందీవారును ఒడియావారును ఒకే కుళాయికడ నాలుగు భాషలలో తగవులాడుకొని ఏ భాషయు కాని భాషలో రాజీపడునదియు నగు ఖరగ్‌పుర మహాపట్టణమున, ఫాల్గుణ శుక్లపక్షమున, ఒకానొక సోమవారము ఉదయము ఆరుగంటల ఇరువది నిమిషములకు, రైల్వే క్వార్టరు గుమ్మమున నిలిచి, కిటికీ చువ్వకు గొలుసుతో బంధింపబడిన తన నల్లని సైకిలును కన్నులారగాంచి, శ్రీకాకుళమండల సంభూతుడును, వర్క్‌షాపు వీరుడును, కొలతపరికరములగు గేజీల గండరగండడును నగు గణపతిరావు ఒక దీర్ఘనిశ్వాసమును విడిచెను.

ఆ నిట్టూర్పునకు కారణమేమందురా? చెప్పెదను, తొందరెందుకు!

మూడు నెలల క్రిందట ఝపటాపూర్ మలుపున, ఆ సైకిలుమీదనే, ఆ వీరుని వక్షఃస్థలమున నొప్పి వచ్చెను. ఎవరో పుణ్యాత్ముడు ఆటోలో వేసుకొని ఇంటికి దింపెను. వైద్యులు స్టెంటు వేసి, మందులు వ్రాసి, కడపట ఇట్లనిరి: “వ్యాయామము మంచిదే. సైకిలు త్రొక్కవచ్చును. అయితే గుండె నిమిషమునకు నూట ఇరువది మించి కొట్టుకొనరాదు. మించినచో దిగి నిలబడవలెను. అది కొలుచుటకొక పరికరము కొనుక్కొనుడు.” ఇందులో గణపతిరావు చెవిని పడినది “సైకిలు త్రొక్కవచ్చును” అను మాట ఒక్కటే. ఆయన ధర్మపత్ని చిలకమ్మ చెవిని ఆ మాట తప్ప తక్కినవన్నియు పడెను.

తత్ఫలితముగా సైకిలు తాళము చిలకమ్మ కొంగుముడిలోనికి పోయెను. పోయిన తాళమును గూర్చి ఆ సాధ్వి గావించిన భీషణప్రతిజ్ఞ ఇది:

“సూడు మావా! గుండెని లెక్కెట్టే మిసను ఒకటి తే. అది సెప్పిన లెక్కా, నా సేత్తో నేను పట్టి సూసిన లెక్కా ఒకటవ్వాల. ఒకటయిన రోజు తాళం నీది. అందాకా టోటోలో ఎల్లు. ఇంకో మాట. రెండు వేలు దాటిన మిసను ఈ గడప తొక్కకూడదు!”

చిలకమ్మ లెక్కకు అంత విలువ ఏలనందురేమో. ఆమె తండ్రి రైలుపట్టాలు సవరించు గ్యాంగులో పనిచేసినవాడు. పట్టాల అతుకులపై చక్రములు చేయు టకటకలను వేళ్లమీద లెక్కించి బండి ఎంత వేగమున పోవుచున్నదో చెప్పుటను ఆయన ఏడేండ్ల బిడ్డకు నేర్పెను. పెండ్లియైన క్రొత్తలో రైలు కిటికీకడ కూర్చుండి ఆమె చెప్పిన వేగమును గార్డు విని నోరు తెరచెనని గణపతిరావే వర్క్‌షాపునందు వందమారులు చెప్పియుండెను. కనుక ఆ ప్రతిజ్ఞను విని ఆయన జంకలేదు సరికదా, గర్వముతో మీసము దువ్వి, “సరేనే! వర్క్‌షాపులో గేజీలన్నిటికీ పరీక్ష పెట్టే మాస్టర్ గేజీ ఒకటుంటాది. ఈ ఇంటికి ఆ మాస్టర్ గేజీవి నువ్వే!” అని నోరు జారెను. ముప్పదిరెండేండ్లు కొలతపరికరములను తనిఖీ చేసినవాడు, ఆ మాస్టర్ గేజీని ఎవరు తనిఖీ చేసిరని ఒక్కమారైనను అడుగలేదు. బుద్ధిమంతుడే, కాని భర్త కదా పాపము!

అటుపిమ్మట ఆయన అనుభవించిన టోటోయాత్రలను వర్ణింప నాకు నోరాడకున్నది. ప్రాతఃకాలమున వర్క్‌షాపు దారినిండ సైకిళ్లే సైకిళ్లు. ఆ సైకిళ్ల వాహినికి ముప్పదిరెండేండ్లు ముందునడచిన మహారథుడు, ఇప్పుడు టోటో అను మూడుచక్రముల బ్యాటరీబండిలో, ఒకప్రక్క బడిపిల్లల సంచులు, మరొకప్రక్క వంకాయల బుట్ట, మోకాళ్లు గడ్డమునకు తగులుచుండగా, ఒదిగి కూర్చుండెను. తన చేతిక్రింద పని నేర్చినవారే గంటలు మ్రోగించుచు ప్రక్కనుండి దూసుకొనిపోవుచు, “నమస్తే బడా సాబ్! గాడీ నయీ హై క్యా?” అని, బండి క్రొత్తదా యని, పలుకరించిరి. బడా సాబ్ వంకాయలవైపు మొగము త్రిప్పుకొనెను.

ఇక ఉపేక్షింపరాదని తలచి, ఆ శనివారమే ఆయన గోల్‌బజారుపై దండు వెడలెను. అచ్చట ఫుట్‌పాత్‌మీద, ప్లాస్టిక్ దువ్వెనలకును సెల్‌ఫోను తొడుగులకును నడుమ, ఎఱ్ఱని పచ్చని దీపములతో కన్నుగీటుచున్న ఒక చేతిపట్టీ ఆయనకు చిక్కెను. ధర చాల స్వల్పము. ఇంటికి తెచ్చి, ధరించుటకు పూర్వము, గేజీశాస్త్ర విధిననుసరించి దానికొక పరీక్ష పెట్టెను. కొలత ముందే తెలిసిన వస్తువునకు కట్టి చూడనిదే ఏ గేజీని నమ్మరాదు. గుండె కొట్టుకొనదని నిశ్చయముగా తెలిసిన వస్తువేది? వంటింటినుండి అప్పడాలకఱ్ఱను తెప్పించి, దానికి ఆ పట్టీని బిగించి, ఇరువురును ఊపిరి బిగబట్టి చూచిరి. దీపము మినుకుమినుకుమనెను. అంకె వెలువడెను: డెబ్బదిరెండు.

“నీకంటే దీని గుండే బాగున్నాది మావా! దీన్నే డ్యూటీకి పంపించీ,” అని చిలకమ్మ పలికెను. ఆ పట్టీ ఆనాటినుండి అటకపై ఉన్నది.

మరునాడు మలంచా రోడ్డు. అచ్చట ఒక అద్దాల అంగడిలో వంగీయుడగు దుకాణదారు, వంగభాషలో అన్న యను అర్థమున అందరును దాదా అని పిలుచువాడు, నల్లని మఖమల్ గుడ్డపై ఒక మహాఘటికాయంత్రమును పరచి, అది గుండెను కొలుచును, నిద్రను కొలుచును, ఊపిరిని కొలుచును, వానవచ్చునో రాదో చెప్పును, ఫోను వచ్చినచో మణికట్టును గిల్లును అని కొనియాడెను. దాని ధర విన్నంతనే గణపతిరావు గుండె ఎంత కొట్టుకొనెనో కొలుచుటకు అప్పుడాయన చేతికి ఏ పరికరమును లేదు. అయినను ధీరుడు కనుక తేరుకొని, అంగడి నడుమ నిలిచి, కుడిచేయి సాచి గంభీరముగా ఇట్లు గర్జించెను:

“దాదా! నిద్దరపోయినానో లేదో నాకు తెలీదేటి? వానొస్తే తడిసినోణ్ణి నేను, నా గడియారం కాదు! ముప్పై రెండేళ్లు ఈ చెయ్యి వేల చక్రాలకి గేజీ పెట్టినాది. ఒక్క కొలతే కావాల నాకు! నిమిషానికి ఎన్ని దెబ్బలు? ఆ ఒక్కటీ నిజం సెప్పే యంత్రం ఉంటే తియ్యి! నేదంటే నేదని సెప్పు!”

దాదాకు తెలుగు రాదు. అయినను ఖరగ్‌పురమున పుట్టినవాడు కనుక భావము పూర్తిగా గ్రహించెను. “ఠీక్ హై దాదా, ఠీక్ హై,” అని బీరువా అడుగునుండి ఒక చిన్న పెట్టెను తీసెను. అందులో ఏముండెను? అద్దము లేదు, దీపము లేదు, అలంకారము లేదు. ఛాతీకి కట్టుకొను నల్లని సాగుపట్టీ, దాని నడుమ బొత్తాము వంటి ఒక బిళ్ల. గుండె చప్పుడును అది పట్టుకొని ఫోనునకు చేరవేయును, ఫోనులో అంకె కనబడును. అంతియే దాని విద్య. ధర రెండువేలకు ఏబది రూపాయలు తక్కువ. గణపతిరావు దానిని చూచి, దాని తీరు తన తీరువలెనే ఉన్నదని మురిసి కొనెను.

ఇంటికి వచ్చి, తలుపు మూసి, కవచధారణము గావించెను. గావించుట బాగుగనే గావించెను గాని, బనీనుపై గావించెను. ఫోను చేతబట్టి ఎదురుచూచుచున్న చిలకమ్మకు అంకెకు బదులు రెండు గీతలు, ఆ పిమ్మట సున్నా కనబడెను.

“ఓలమ్మో! సున్నా! మావా, పలుకు మావా!”

“పలుకుతున్నాను గదే! నీ ఎదరే నిలబడి మాటాడతన్నాను!”

“నువ్వు మాటాడితే సరా? మిసను నేదంటంది గదా!”

అని ఆ ఇల్లాలు గొల్లుమనగా, ప్రక్కింటివారు గిన్నెలు వదలి పరుగెత్తుకొని వచ్చి, సజీవుడై బనీనుపై పట్టీతో నిలిచియున్న గృహస్థుని చూచి, ఏమనవలెనో తోచక, చాయ్ త్రాగి వెళ్లిరి. దాదాకు ఫోను చేయగా, పట్టీని నీటితో తడిపి ఒంటికి ఆనునట్లు కట్టవలెనని తెలిసెను. కట్టిరి. వెంటనే అంకె వెలిగెను: ఎనుబదినాలుగు.

అప్పుడు చిలకమ్మ కొంగు బిగించి, భర్త ఎడమచేతిని ఒడిలోనికి తీసుకొని, మణికట్టుపై బొటనవ్రేలు గట్టిగా అదిమి, గోడగడియారముపై చూపు నిలిపి, పెదవులు కదలకుండ నిండు నిమిషము లెక్కించెను. లెక్క ముగించి తల అడ్డముగా ఊపెను.

“నూటమూడు. ఇదీ అబద్ధాలకోరే మావా.”

తాళము ముడిలోనే ఉండెను. గణపతిరావు వాదింపలేదు. వర్క్‌షాపులో తన బల్ల ప్రక్కన పనిచేయు సుందర్ రాజు కడ ఖరీదైన చేతిగడియారము ఒకటుండెను. అతడు తన కొడుకు కొనిపెట్టిన ఆ గడియారమును బిడ్డనిచ్చినంత దిగులుతో ఒకదినమునకు ఎరువిచ్చెను. అది ఎనుబదిమూడు చూపెను. చిలకమ్మ బొటనవ్రేలు నూటనాలుగు చెప్పెను. పక్క వరుసలోని ఇంటినుండి వ్రేలికి తగిలించి నాడిని కొలుచు క్లిప్పు ఒకటి వచ్చెను. అది ఎనుబదియైదు. బొటనవ్రేలు నూటరెండు.

మరుసటి ఆదివారము మధ్యాహ్నము గణపతిరావు పెరటిలో స్టూలుపై కూర్చుండి, తనలో తాను ఇట్లు తలపోసెను: ‘అహో! మూడు వేర్వేరు యంత్రములు, మూడు వేర్వేరు చోట్ల పుట్టినవి, ఒకదానినొకటి ఎరుగనివి, ఒకే మాట చెప్పుచున్నవి. నాల్గవది మాత్రము ఇరువది ఎక్కువ చెప్పుచున్నది. మా వర్క్‌షాపునందే ఇట్లు జరిగినచో నేనేమి చేయుదును? మూడు గేజీలను చెత్తలో వేయుదునా? వేయను. మాస్టర్ గేజీనే పరీక్షకు పంపుదును. కాని హా దైవమా! ఈ మాస్టర్ గేజీ ఇప్పుడు లోపల పులుసు కాచుచున్నది. దీనిని పరీక్షకు పంపవలెనని దీనితోనే ఎవరు చెప్పుదురు?’

గడియారము తీసుకొనిపోవుటకు వచ్చిన సుందర్ రాజును ఆయన ఆశతో చూచెను. “నువ్వోసారి మాటవరసకి అనకూడదేటి?” అని అడిగెను.

“నాకు పెళ్లాం పిల్లలున్నారు బాబూ,” అని సుందర్ రాజు గడియారమును జేబులో వేసుకొని వేగముగా నిష్క్రమించెను.

రసజ్ఞులారా, నవ్వకుడు. యుద్ధమనగా కత్తులే అనుకొందురా? మీలో పెండ్లియైనవారు గుండెపై చేయివేసుకొని చెప్పుడు, “నీ లెక్క ఒకసారి చూపించుకుందామా” అని ఎన్నడైనను అనియున్నారా? గణపతిరావు అనెను. వంటింటి గుమ్మముకడ నిలిచి, చెమటలు తుడుచుకొని, ఛాతీపట్టీ తొంబదితొమ్మిది చూపుచుండగా అనెను.

“చిలకమ్మా... మాస్టర్ గేజీని కూడా ఏడాదికోపాలి పరీక్షకి పంపుతామే. తప్పుందని కాదు. రూలు.”

గరిటె గిన్నెలో ఆగెను.

“అంటే నా లెక్క తప్పంటావు.”

“నీ లెక్క కాదే...”

“మా అయ్య పట్టాల మీద కూకోబెట్టి నేర్పిన లెక్క తప్పంటావు.”

“మీ అయ్యని నేనేటీ అన్లేదే తల్లీ!”

ఆమె పొయ్యి ఆర్పెను. కొంగుతో చేతులు తుడుచుకొనెను. “పద. ఎవులి కాడికి ఎల్లాలో సెప్పు. పరీక్ష పెట్టించు. నాది తప్పని తేలితే ఈ తాళం నీ మొకాన కొడతాను. నీది తప్పని తేలితే నువ్వు రిటైరయ్యేదాకా టోటోయే,” అని ముందు నడిచెను. వెనుక వీరుడు, చొక్కా బొత్తాములు పెట్టుకొనుచు.

పరీక్షాధికారి దేవమణి. ఒక ఆసుపత్రిలో ఇరువదియేండ్లు నర్సుగా చేసినది, చివరి క్వార్టరులో ఉండును, చిలకమ్మను అక్కా అని పిలుచును. ఆమె వరండాలో ఉతికిన బట్టలు మడతపెట్టుచు సంగతంతయు విని, ఫోనులో ఎనుబదియారు చూచి, గణపతిరావు మణికట్టుపై తన మూడువ్రేళ్లు ఆనించి లెక్కించి, “ఎనభై ఆరే. మెషీను మంచిదే బావా,” అనెను. ఆ పిమ్మట, “అక్కా, ఇప్పుడు నువ్వు పట్టు. ఎలా పడతన్నావో నేను సూస్తాను,” అనెను.

చిలకమ్మ రోషముతో భర్త చేయి లాగి బొటనవ్రేలు అదిమెను.

“ఓలక్కా!” అని దేవమణి మడతబట్ట వదలివేసెను. “బొటనేలితోటా పడతన్నావు? ఇన్నాళ్లూ ఇలాగే పట్టినావా?”

“ఏం? ఏలు ఏలే గదా?”

“కాదక్కా! బొటనేలిలో దాని నాడి దానికి గట్టిగా కొట్టుకుంటాది. నీ లెక్క తప్పు కాదు. ఒక్కటీ పోలేదు నీకు. కానీ నువ్వు లెక్కెట్టింది బావ గుండె కాదు. నీది.”

దేవమణి చిలకమ్మ చేయి తీసుకొని, మూడువ్రేళ్లుంచి, గడియారము చూచెను. నిమిషము గడచెను.

“నూటమూడు,” అనెను. “కుర్చీలో కూకున్న మనిషికి నూటమూడేటక్కా? రాత్రులు నిద్దరోతన్నావా?”

ఇక్కడ ఈ కథకుడు కూడ సమాసములను కాసేపు ప్రక్కన పెట్టుచున్నాడు. చిలకమ్మ ఒక్కసారిగా బయటపడింది.

“ఆ రోజు ఆటోలోంచి దించినప్పుడు ఈయన కాళ్లు ఏలాడతన్నాయి దేవమణీ. సెప్పులు కూడా నేవు. అప్పట్నించీ ఈదిలో సైకిల్ గంట ఇనబడితే సాలు, ఇక్కడ దడదడదడ. మిసను ఎనభై అంటే ఎలా నమ్ముతాను? నాకు సేతికి తెలుస్తంది గదా, దడదడ కొట్టుకుంటంది! ఈయనదే అనుకున్నాను.” ఆమె కళ్లు తుడుచుకుంది. “ఎవులితో సెప్పుకోను? ఈయనకి సెప్తే ఈయన గుండెకి మంచిది కాదు గదా!”

తనకు భయమేయలేదని, తను మగాడినని, భార్యకే అనవసరపు చాదస్తమని మూడు నెలలుగా వర్క్‌షాపంతా చెప్పుకొని తిరిగిన గణపతిరావు, ఆ వరండాలో చిన్నపిల్లవాడిలా నిలబడి, “నాకు సెప్పొచ్చు గదే,” అన్నాడు.

మరునాడే దేవమణి చిలకమ్మను వెంటబెట్టుకొని డాక్టరుకు చూపించెను. గుండెలో లోపమేమియు లేదని, దిగులే రోగమని, నిద్రకు వేళ పాటింపుమని, ప్రతిదినము నడువుమని, భర్తను నమ్ముమని ఆయన చెప్పెను. కడపటి మందునకు చీటీ వ్రాయలేదు.

ఆ సాయంకాలము చిలకమ్మ భర్తను ఎదుట కూర్చుండబెట్టి, పట్టీని తడిపి తానే కట్టి, ఈమారు మూడువ్రేళ్లతో పట్టి, నిమిషము లెక్కించెను. ఫోను ఎనుబదిరెండు. చిలకమ్మ ఎనుబదిరెండు. అప్పడాలకఱ్ఱను కూడ తెచ్చి దానికి ఈ ఛాతీపట్టీని కట్టి చూచిరి. సున్నాయే. సత్యసంధమగు ఆ యంత్రమునకు ఆమె మనసులోనే దండము పెట్టి, కొంగుముడి విప్పి, తాళము భర్త అరచేతిలో ఉంచి, “మాట మాటే. కానీ రేపు నీ ఎనకాల నేనూ వస్తాను. టోటోలో,” అనెను.

ఇదిగో, అవధరింపుడు ఆ జైత్రయాత్రను! గొలుసు ఝళంఝళలాడుచు నేలకు జారెను. నల్లని సైకిలు ముంగిటికి వచ్చెను. ఛాతీపై తడిపట్టీ, హ్యాండిలుపై రబ్బరుబ్యాండులతో బంధింపబడిన ఫోను, క్యారియరుపై టిఫిను డబ్బా దాల్చి గణపతిరావు పెడలు మెట్టెను. వెనుక టోటోలో, వంకాయల బుట్ట ప్రక్కన, చిలకాంబ మెడ నిక్కించి కూర్చుండెను. ఫోనులోని అంకెను ఆయన ఎప్పటికప్పుడు వెనుకకు కేకవేసి చెప్పుచుండెను: తొంబదిరెండు. నూటనాలుగు. వంతెన ఎత్తు ఎక్కుచుండగా నూటపదునాలుగు, నూటపదునెనిమిది, నూటఇరువదియొకటి.

“దిగు మావా!” అని టోటోనుండి ఆజ్ఞ వెలువడెను.

దిగెను. వందలాది సైకిళ్లు ప్రక్కనుండి పోవుచుండగా, గంటలు మ్రోగుచుండగా, సుందర్ రాజు వెనుదిరిగి చూచుచుండగా, ఏమాత్రము సిగ్గుపడక, సైకిలును నడిపించుకొనుచు ఆ ఎత్తును కాలినడకన దాటి, అంకె తగ్గిన పిమ్మట మరల ఎక్కి, వర్క్‌షాపు ద్వారమునకు చేరెను. నూటతొమ్మిది!

ద్వారముకడ సైరను కూయుటకు రెండు నిమిషములే ఉండెను. ఆయన లోనికి పోలేదు. సైకిలును స్టాండు వేసి, టోటోకడకు నడిచి, భార్య ఎడమచేతిని తన చేతిలోనికి తీసుకొని, మణికట్టుపై మూడువ్రేళ్లుంచి, గేటు గడియారమును చూచుచు లెక్కింపసాగెను. ద్వారము కిక్కిరిసియున్నది. “కీ హోలో దాదా? చలో, చలో!” అని, ఏమాయెను నడువుమని, తోటి వంగీయుడొకడు భుజము తట్టెను. “దాఁడావ్, గున్‌ఛి,” అని, ఆగు, లెక్కపెట్టుచున్నానని, ఆయన తల త్రిప్పకుండనే బదులిచ్చెను. సైరను కూసెను. ఆయన లెక్క తప్పలేదు. జనము పలుచబడెను. వాచ్‌మన్ గేటు రెక్క జరిపెను. నిమిషము పూర్తియయ్యెను.

“ఎంత మావా?” అని చిలకమ్మ అడిగెను.

“ఎనభై ఎనిమిది.”

“నిజంగానా? నా కోసం తగ్గించి సెప్తన్నావా?”

“గేజీ పనోడు అబద్ధం సెప్తాడేటే?”

వినుడు జనులారా! దుందుభులు మ్రోయకున్నను, పుష్పవృష్టి కురియకున్నను, ఆ ఉదయము ఖరగ్‌పురమున ఒక స్త్రీ హృదయము నిమిషమునకు పదునైదు దెబ్బల మేర శాంతించెను! ఇంతకంటె పెద్ద గెలుపు కావలసినవారు వేరొక కథకుని వెదకికొనవచ్చును. ఈ గెలుపునకు శాసనమెక్కడనందురా? వర్క్‌షాపు హాజరుయంత్రమునందు గలదు. ముప్పదిరెండేండ్ల సర్వీసులో గణపతిరావు పేరుకెదుట మొట్టమొదటిసారి పడిన లేటు, నాలుగు నిమిషములు.